ఆవిడ ముందు కూర్చుంటేనే వచ్చే లైటు

మా వర్క్‌షాపులో ఇప్పుడు పనిచేస్తున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "సార్, ఫలానా బండికి లైటు పోవట్లేదు, ఏం చెయ్యమంటారు?" అని. రిటైరై ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాణ్ణి, నాకేం కనపడుతుంది? "బండి తెచ్చినాయన ఏమన్నాడ్రా?" అంటాను. "లైటు వస్తోందన్నాడు సార్." "అది నువ్వు రాసుకున్న ముక్క. ఆయనేమన్నాడు?" పెద్దాయనకి చాదస్తం ముదిరిందని నవ్వుకుంటారు కాబోలు. నవ్వుకోనివ్వండి. ఈ చాదస్తం నాకెలా పట్టుకుందో ఒకసారి మొత్తం చెప్పేస్తే మీకూ నాకూ గొడవ వదులుతుంది.

నేను ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ణి. తర్వాత కార్ల కంపెనీ వాళ్ళ వర్క్‌షాపులో చేరి, చివరికి ఫోర్‌మన్‌నయ్యాను. కంపెనీ వాళ్ళు ఏ పేరు పెట్టినా వచ్చేవాళ్ళందరికీ నేను మేస్త్రినే. నోరు కాస్త దురుసు. స్పానరు కింద పడేస్తే ఊరుకునేవాణ్ణి కాదు, పని కాకుండానే అయిందంటే అసలే ఊరుకునేవాణ్ణి కాదు. అలాంటి నా చేతుల మీదుగానే ఒక బండి పని అయిందని మళ్ళీ మళ్ళీ బయటికి పోయింది, మళ్ళీ మళ్ళీ లోపలికి వచ్చింది.

ఆ బండి తెచ్చినాయనది కంకిపాడు దాటాక లోపలికి వెళ్ళే ఊరు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా ఒక్క యాక్సిడెంటు లేదని ఆయన చెప్పుకోడు, పక్కన భార్య చెప్పేది. ఆవిడకి క్యాన్సరు. కీమో కోసం విజయవాడ ఆసుపత్రికి తీసుకొచ్చి, సాయంత్రానికి బందరు రోడ్డు మీదుగా ఇంటికి తీసుకెళ్ళేవాడు. మా వర్క్‌షాపు ఆ దారిలోనే.

మొదటిసారి వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మా సర్వీస్ అడ్వైజరు, గుడివాడ కుర్రాడు, టై కట్టుకుని నవ్వుతూ ఎదురెళ్ళాడు.

"చెప్పండి సార్, ఏంటి ప్రాబ్లం?"

"ఎయిర్‌బ్యాగ్ లైటండీ. మా ఆవిడ ముందు కూర్చుంటేనే వస్తంది. అదీ పొద్దున వచ్చేటప్పుడు రాదు. ఇంటికెళ్ళేటప్పుడే వస్తంది."

మా వాడు నవ్వాడు. "మేడంగారంటే బండికి భయమేమో సార్!" ఆయనా నవ్వాడు. కారులోంచి ఆవిడ కూడా నవ్వింది. తలకి గుడ్డ చుట్టుకుని ఉంది, మనిషి సన్నగా, కళ్ళు మాత్రం చురుగ్గా. మా వాడు జాబ్ కార్డు మీద మామూలుగా రాసేది రాశాడు. ఎయిర్‌బ్యాగ్ లైటు ఆన్. అంతే. ఆయన చెప్పిన మిగతాదంతా నవ్వులో కొట్టుకుపోయింది. మాకు వచ్చే కాగితం మీద భార్యలూ ఉండరు, పొద్దున్నా సాయంత్రం అనేవీ ఉండవు. జబ్బు పేరొక్కటే ఉంటుంది.

స్కానరు పెట్టాం. ఎడమ సీటు వైపు సర్క్యూట్ అని చూపించింది. సీటు ముందుకు జరిపి, కింద ఉన్న పసుపుపచ్చ ప్లగ్గు ఊడదీసి, శుభ్రంచేసి, మళ్ళీ బిగించాం. ఈ లైటుకి అందరూ చేసే మొదటి పని అదే, నూటికి తొంభైసార్లు అక్కడితో పోతుంది. స్కానరుతో లైటు తీసేసి, చుట్టూ ఒక రౌండు తిప్పి ఇచ్చేశాం. మా వాడు రూలు ప్రకారం ఆయనకి ఒక జాగ్రత్త కూడా చెప్పాడు. ఈ లైటు వెలుగుతుంటే, గుద్దుకున్నప్పుడు ఆ సీటు ముందున్న బెలూను తెరుచుకుంటుందన్న గ్యారంటీ లేదు సార్, లైటు మళ్ళీ వస్తే మేడంగారిని వెనక కూర్చోబెట్టండి అని.

చెప్పింది సరైన మాటే. విన్నది ఒక బస్సు డ్రైవరు. మీటరులో లైటు వెలిగిందంటే జనం తిట్టిపోస్తున్నా బస్సు పక్కకి లాగేసే రకం మనిషి. ఆ రోజు ఇంటికెళ్ళేటప్పుడు లైటు మళ్ళీ వచ్చింది. కంకిపాడు చేరకముందే కారు ఆపి, ఆవిణ్ణి దించి వెనక సీట్లో కూర్చోబెట్టాడట.

అప్పణ్ణించీ ఒకటే వరస. బండి మా దగ్గరికి వచ్చేది. లైటు తీసేసేవాళ్ళం. ఎందుకైనా మంచిదని ఆయన ఆవిణ్ణి ఇంకో రెండు ట్రిప్పులు వెనకే కూర్చోబెట్టి చూసేవాడు. లైటు వచ్చేది కాదు. "బాగైంది, ముందుకి రా" అనేవాడు. ఆవిడ ముందుకొచ్చి కూర్చునేది. పొద్దున బానే ఉండేది. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు, ఏ పెనమలూరు దగ్గరో, టింగుమని లైటు. ఆవిడ మళ్ళీ వెనక్కి.

మేం చెయ్యనిదంటూ లేదు. వైర్ల కట్ట మార్చాం. కంపెనీతో పోట్లాడి కంట్రోలు బాక్సు తెప్పించి వేశాం. సీటు బెల్టు మార్చాం. నేనూ మా ఎలక్ట్రీషియనూ కలిసి ఉయ్యూరు దాకా వెళ్ళి వచ్చాం, పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు ఇద్దరం నిటారుగా కూర్చుని. లైటు లేదు. గతుకుల్లో తిప్పాం, సడన్ బ్రేకులు వేశాం, ఏసీ పెంచాం, తగ్గించాం. లేదంటే లేదు. మా మేనేజరు నన్ను పిలిచి, "ఏంటి మాస్టారూ, ఒక్క లైటు తియ్యలేకపోతున్నారు" అన్నాడు. తియ్యడం కాదండీ, తీస్తూనే ఉన్నాం, అది పోవడం లేదని చెప్పాను. మా భాషలో తీసేయడం వేరు, పోవడం వేరు. బండి తెచ్చినవాళ్ళకి ఆ తేడా చెప్పే అలవాటు మాకు లేదు.

ఆవిడ మాత్రం ఒక్కసారి విసుక్కోలేదు. కస్టమర్లు కూర్చునే ఏసీ గదిలోకి రమ్మన్నా వచ్చేది కాదు. ఆ చలి తట్టుకోలేనని షెడ్డులో నా బల్ల దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చునేది. నన్ను అన్నయ్య గారూ అనేది. ఒకరోజు అడిగాను, "వెనక సీటైతే కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు గదమ్మా, ముందు సీటు కోసం ఎందుకంత ఇది?" అని.

"అయ్యో, నా ప్రమోషన్ పోదా అన్నయ్య గారూ?" అంది.

"ప్రమోషనేంటి?"

"ఈ కారు కొన్నప్పుడు మా అత్తగారుంది. ముందు సీటు ఆవిడది. చర్చికెళ్ళినా పెళ్ళికెళ్ళినా ఆవిడ ముందు, నేను వెనక, ఒళ్ళో టిఫిన్ క్యారేజీలు. పెద్దావిడ ప్రభువు దగ్గరికెళ్ళాకే నేను ముందుకొచ్చా. కూర్చుని పట్టుమని ఏడాది కాలా, ఈ జబ్బు." తలగుడ్డ సర్దుకుంటూ మళ్ళీ అంది. "ఆసుపత్రికెళ్ళడం నాకిష్టం లేదండీ. పొడుస్తారు, వాంతులు. కానీ దారంతా ఈయన పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటా వెళ్తాం గదా. ఇంట్లో ఆయన పేపరు చూస్తాడు, నేను వంట చూస్తా. మాట్లాడుకునేది కార్లోనే."

మా ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ బండి మళ్ళీ మొదట్నించి చూడమన్నాను. వాడు నా మొహం చూసి టార్చి తీసుకుని వెళ్ళాడు.

ఆ ఇద్దరూ పాస్టరు గారిని పిలిచి కారుకి ప్రార్థన కూడా చేయించారు. ఆ వారం లైటు రాలేదు. ఎందుకు రాలేదో నాకు ఇప్పుడు తెలుసు, ఆ వారం ఆవిడ వెనకే కూర్చుంది. తర్వాతి వారం మళ్ళీ వచ్చింది. బంధువుల్లో ఎవరో అన్నారట, "ఆవిడ కూర్చుంటేనే వస్తోందంటే ఏంటో చూసుకోండి మరి" అని. ఆయన వాళ్ళ మీద ఇంతెత్తున లేచాడు. కానీ ఆ మాట ఆవిడ మనసులో నాటుకుంది. ఆరోజు నా బల్ల దగ్గర కూర్చుని, "ఏమో అన్నయ్య గారూ, నా గాలి సోకితే ఇనుముక్కూడా జబ్బు చేస్తందేమో" అంది. నవ్వుతూనే అంది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు, ఆ బండి మీద, మా స్కానర్ల మీద, నా మీద.

"పిచ్చి మాటలు మాట్లాడకమ్మా. వైరుకి మనిషెవరో తెలియదు" అన్నాను.

ఆయన లోపలికి కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళడం చూసి ఆవిడ గొంతు తగ్గించింది. "అయితే ఒక సాయం చెయ్యండి. ఆ లైటు వైరు కత్తిరించెయ్యండి. ఆయనకి చెప్పొద్దు. బాగైపోయిందని చెప్పండి. ఇంకెన్నిసార్లు కూర్చుంటాను చెప్పండి ఆ సీట్లో?"

మీరైతే ఏం చేసేవాళ్ళో నాకు తెలియదు. ఒక్క నిమిషం పని. లారీ షెడ్డుల్లో చేసినవాళ్ళకి అలాంటి లైట్లు చంపడం కొత్తేమీ కాదు. కానీ ఆ లైటు చంపేసి, రేపు నిజంగా ఏదన్నా అయి బెలూను తెరుచుకోకపోతే? నడిపేది ఆ మనిషి, పక్కన కూర్చునేది ఈవిడ. "అది మాత్రం చెయ్యనమ్మా. ఎలాగైనా కనిపెడతాను. నాకు కాస్త టైమియ్యి" అన్నాను. ఆవిడ తల ఊపింది. టైము ఇవ్వడం తన చేతిలో లేదని ఆవిడకి తెలుసు. ఆ సంగతి నాకు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక తట్టింది.

ఆ తర్వాత బండి రాలేదు. లైటు పోయిందేమో, అందుకే రావడం లేదేమో అని మా వాళ్ళన్నారు. నేనూ అలాగే అనుకోవడానికి ప్రయత్నించాను. ఫోన్ చేసి అడగడానికి చెయ్యి రాలేదు.

ధనుర్మాసం చలి తగ్గాక ఒకరోజు ఆయన వచ్చాడు. ఒక్కడే. గడ్డం మాసిపోయి ఉంది. బండి మామూలు సర్వీసుకి ఇచ్చాడు. అడ్వైజరు కుర్రాడు అలవాటుగా, "లైటు సంగతేంటి సార్?" అన్నాడు.

"రావట్లేదండి. ఆవిడ పోయిన కాణ్ణించి అసలు రావట్లేదు."

మా వాడి చేతిలో పెన్ను అలాగే ఆగిపోయింది. నేను దగ్గరికెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. "ఎప్పుడండీ?" అన్నాను. "క్రిస్మస్ ముందు" అన్నాడు. వెళ్ళి ఏసీ గదిలో కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆయిలు ఫిల్టరు స్టోర్సు నించి రాక బండి ఆగింది. నాకు నడుం నొప్పి పాతదే, లారీల కింద పడుకున్న పుణ్యం. అన్నం తిన్నాక పదినిమిషాలు నడుం వాలిస్తే గాని నిలబడలేను. ఆ కారు నీడలో ఉంది. ఎడమ సీట్లో కూర్చుని, గాలి కోసం తాళం తిప్పి ఫ్యాను పెట్టుకుని, సీటు వెనక్కి పూర్తిగా వాల్చి పడుకున్నాను.

టింగుమంది.

తల తిప్పి చూస్తే మీటరులో ఎర్రగా ఆ లైటు. బెలూను ముందు కూర్చున్న మనిషి బొమ్మ. ఎంతసేపు అలాగే పడుకుని చూశానో. లేచి సీటు నిటారుగా పెట్టాను. స్కానరు తెప్పించి లైటు తీసేశాను. మళ్ళీ సీటు వాల్చాను. మళ్ళీ టింగుమంది.

పొద్దున ఆవిడ కూర్చుని వచ్చేది. సాయంత్రం ఆ మందు ఎక్కాక కూర్చోలేక, సీటు వాల్చుకుని పడుకుని వెళ్ళేదన్నమాట. ఆయన మొదటి రోజే చెప్పాడు. ముందు కూర్చుంటేనే వస్తంది, ఇంటికెళ్ళేటప్పుడే వస్తంది అని. ఇంతకన్నా వివరంగా ఏ స్కానరు చెప్తుంది? నాకు కళ్ళు మసకేశాయి. షెడ్డులో అందరూ ఉన్నారని తెలిసి కూడా ఆపుకోలేకపోయాను.

సీటు విప్పి బయట పెట్టి చూశాం. బయట షాపులో వేయించిన మందపాటి కవరు అది. కింద దాని లాస్టిక్ పట్టీని సీటు ఫ్రేముకి తగిలించబోయి, ఆ షాపువాడు వైర్లని కూడా కలిపి చుట్టేశాడు. సీటు నిటారుగా ఉంటే ఏమీ లేదు. పూర్తిగా వాల్చితే కవరు బిగుసుకుని, లాస్టిక్ వైరుని లాగుతుంది. వైరుపైన రబ్బరు బాగానే ఉంది, లోపల తీగ తెగీ తెగకుండా ఉంది. మేం మార్చిన వైర్ల కట్ట ప్లగ్గుకి ఇవతలది. ఇది అవతలిది, సీటుకే అంటుకుని ఉండేది. ప్రతిసారీ సీటు కింద టార్చి వేసి చూశాం, ఆ లాస్టిక్ కూడా చూశాం. కవరు లాస్టిక్ ఏ కారులో ఉండదు!

అడ్వైజరు కుర్రాడు నన్ను పక్కకి లాక్కెళ్ళాడు. వాడికీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చెప్పొద్దు సార్. సర్వీసు అయిందని చెప్పి పంపించేద్దాం. ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆయన తట్టుకోలేడు."

వాడు మంచివాడు. వాడి మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఆవిడ తన గాలి సోకి ఇనుముకి జబ్బు చేసిందనుకుంటూ పోయింది. ఆవిడ పోయిన కాణ్ణించి రావట్లేదని ఆయన అన్నప్పుడు ఆ గొంతులో నాకు వినపడింది కూడా అదే. ఆ అపవాదు ఒక లాస్టిక్ ముక్కది. దాన్ని ఆవిడ మీద ఉంచి ఆయన్ని ఇంటికి పంపించడం నా వల్ల కాలేదు.

ఆయన్ని షెడ్డులోకి తీసుకొచ్చి సీటు చూపించాను. వాల్చి చూపించాను, లాస్టిక్ బిగిసేది చూపించాను. అంతా చెప్పాను. ఆయన బస్సు ఇంజన్ల మధ్య బతికిన మనిషి, సగంలోనే అర్థమైంది.

"అంటే ఆవిడ వల్ల కాదు."

"కాదండీ. ఆవిడకీ దానికీ సంబంధమే లేదు."

"ఈ కవర్లు నేనే వేయించానండీ" అన్నాడు. సీటు మీద చెయ్యి వేసి నొక్కుతున్నాడు. "కీమో మొదలెట్టినప్పుడు. ఎముకలు నొప్పులంటంటే, గవర్నరుపేటలో మెత్తగా ఉండేవి చూసి, ఎక్కువ స్పాంజి పెట్టించి మరీ వేయించా. ఆవిడ కోసమే."

మా ఎలక్ట్రీషియను మొహం తిప్పుకున్నాడు. ఆయన ఏడవలేదు. ఆ సీటు మీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. నేను లాస్టిక్ కోసేసి, కొత్త తీగ వేయించి, సీటు బిగించాను. వాల్చి చూశాం. లైటు రాలేదు. ఇన్నాళ్ళకి పని అయింది, మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

తాళాలు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "నా చేతులు బాగోలేవండీ. ఇంటిదాకా మీరు నడపండి మేస్త్రి గారూ" అన్నాడు. మేనేజర్ని అడగను కూడా లేదు నేను. బండి తీశాను. ఎడమ వైపు తలుపు తెరిచి పట్టుకుంటే ఆయన వద్దని తల అడ్డంగా ఊపి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. నా సీటుకి వెనక కాదు. ఎడమ పక్కన, ఆ మెత్తటి కవరు వెనక.

బందరు రోడ్డెక్కాం. పెనమలూరు దాటాం. కుడివైపు చెరకు లారీలు అడ్డం వస్తుంటే నా దృష్టంతా రోడ్డు మీదే ఉంది.

"ఇక్కణ్ణించి మీ చెవి, చెంప తప్ప ఏం కనపడదండీ" అన్నాడు వెనకనించి.

నేను అద్దంలో ఆయన వంక చూశాను.

"వెనక కూర్చున్నాక కూడా ఆవిడ ఏదో ఒకటి చెప్తానే ఉండేది. ఏసీ మోతలో నాకు వినపడేది కాదు. గట్టిగా చెప్పవే అనేవాణ్ణి. నీరసం గదండీ, గట్టిగా ఎక్కణ్ణించి చెప్తది? ఏం లేదులే అనేసేది. చివర్లో మానేసింది. పడుకుందేమో అనుకునేవాణ్ణి."

ఏసీ కట్టేశాను. అద్దాలు దించాను. పక్కన లారీల రొద ఇంకా ఎక్కువైంది. ఆయన ఇంకేదో అన్నాడు. నాకు వినపడలేదు. గట్టిగా చెప్పండి అనడానికి నోరు రాక, కారు రోడ్డు పక్కకి తీసి ఇంజను ఆపేశాను.